మా మావ పలికించిన కప్ప

పదకొండేళ్ళయింది. ఇప్పటిదాకా ఇది ఎవరితోనూ అనలేదు, మా ఆయనతో కూడా. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాననుకుంటాను. ధైర్యం వచ్చి కాదు. మోసి మోసి ప్రాణం విసిగింది.

నేను టెక్కలి వైపు ఒక కాలేజీలో జువాలజీ చెబుతాను. పేరుకు ముందు డాక్టర్ అని ఉంటుంది. అది కప్పల పుణ్యం. చెవిలో పడిన శబ్దాలకి కప్ప మెదడులోని కణాలు ఎలా స్పందిస్తాయన్నది నా పరిశోధన. నవ్వొస్తే నవ్వండి, మా ఇంట్లో వాళ్ళూ నవ్వారు.

పని ఇలా ఉండేది. కప్పకి మత్తిచ్చి, వెంట్రుక కన్నా సన్నని గాజుసూదిని దాని మెదడులో వినికిడి జరిగే చోట దించాలి. సూదిమొన ఒక్క కణం పక్కన నిలిస్తే ఆ రోజు అదృష్టం. ఎదురుగా పెట్టిన స్పీకరులోంచి రకరకాల శబ్దాలు వినిపిస్తాం. కణం స్పందించిన ప్రతిసారీ పరికరం టిక్కుమంటుంది. మెషీన్ పుట్టించిన మోతకి ఎన్ని టిక్కులు, వాన చప్పుడుకి ఎన్ని, సాటి కప్ప పిలుపుకి ఎన్ని, లెక్క రాసుకోవాలి. తను పుట్టి పెరిగిన చోటి శబ్దాలంటే కప్పకి ప్రత్యేకమా అన్నది నా ప్రశ్న. అందుకని శబ్దాల కోసం మా ఊరే వచ్చాను. అలల హోరు బారువ ఒడ్డున రికార్డు చేశాను. కొబ్బరాకుల్లో గాలి, మడుల్లో కప్పలు మా మావ దగ్గర.

మావంటే మా అమ్మ తమ్ముడు. ఉద్దానంలో కొబ్బరితోట, కాసిని జీడిచెట్లు, కొంచెం వరిమడి ఆయన ఆస్తి. ఆ మడుల్లో బొటనవేలంత కప్ప ఒకటుంటుంది. దాని అరుపు అచ్చం దువ్వెన పళ్ళమీద గోరు గీసినట్టే ఉంటుంది. మావ విత్తనాలు నానబెట్టే ముందు సాయంత్రం పూట గట్టుమీద కూర్చుని, కొబ్బరిచిప్పకి దువ్వెన ఆనించి గీసేవాడు. మడిలోంచి కప్పలు బదులు పలికితే వాన దగ్గరపడినట్టు. పలక్కపోతే ఇంకో రెండు రోజులు ఆగేవాడు. టీవీలో ఏం చెప్పినా లెక్కలేదు.

ఆ ఏడాది వానల్లో ఆ చిన్న కప్ప పిలుపులు బ్రహ్మాండంగా రికార్డయ్యాయి. తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని వినండి. ఉప్పుగాలికి మెమరీ కార్డు పాడవుతుందని, కాగితంలో చుట్టి, ఎండబెట్టిన జీడిపిక్కల బస్తాలో దాచాను. అంతకన్నా పొడిగా ఉండే చోటు ఇంట్లో ఇంకేముంది? అత్తతో ఒక్క మాట అనలేదు. రెండో రోజు నేను బారువ వెళ్ళొచ్చేసరికి ఆవిడ ఆ బస్తా అమ్మేసింది. ఆటో ఎక్కి పలాస పరిగెత్తాను. నేను వెళ్ళేటప్పటికే ఫ్యాక్టరీలో ఆ పిక్కల్ని కాల్చేశారు. అక్కడి ఆడవాళ్ళు నా మొహం చూసి, పోయింది బంగారమేమో అనుకున్నారు.

ఈలోగా వానలు వెనక్కిపోయాయి. కప్పలు నోరు మూసుకున్నాయి. మా గైడు సారేమో వారంలో శబ్దాలన్నీ తెచ్చి ఇమ్మన్నారు. గట్టుమీద కూర్చుని ఏడుస్తుంటే మావ వచ్చాడు.

"ఏడవకే గుంటా. కప్ప నేకపోతేనేటి, నానున్నాను గదా? ఆ మిషను ఇలగెట్టు, గీసేత్తాను," అన్నాడు.

గీశాడు. ఆగి ఆగి, ఒక కప్ప పిలిచి ఇంకోటి బదులిచ్చినట్టు. అయ్యాక దువ్వెన జేబులో పెట్టుకుంటూ, "మరి నీ బుక్కులో ఓ మూల నా పేరెయ్యాల," అన్నాడు. "తప్పకుండా వేస్తా మావా," అన్నాను. అప్పటికి నిజంగానే వేద్దామనుకున్నాను. అనుకున్నానా? ఏమో. ఇప్పుడు నా మాట నాకే నమ్మకం లేదు.

ల్యాబులో ఆ శబ్దం పెట్టాను. వాన చప్పుడుకి అడపాదడపా టిక్కుమన్న కణం మావ దువ్వెనకి పేలాలు వేగినట్టు చిటపటలాడింది. ఇంకో కప్పలో చూశాను. అదీ అంతే. సారు పరుగున వచ్చారు. "ఎక్కడ రికార్డు చేశావమ్మా ఇది?" "ఉద్దానం మడుల్లో సార్." అందులో అబద్ధమేముంది, మావ కూర్చున్నది మడిగట్టు మీదే కదా, అని లోపల సర్దిచెప్పుకున్నాను. ఇలాంటి తెలివి దొంగలకే వస్తుంది. థీసిస్‌లో 'మగ కప్ప పిలుపు' అని రాశాను.

నిజం రాసి ఉంటే ఏమయ్యేది? ఒక రైతు దువ్వెనతో చేసిన శబ్దాన్ని కప్ప మెదడు అంతలా పట్టించుకుందంటే, అసలు వింత అదే కదా? ఇంకో ఏడాది ఆగి, మడిలో కప్పని మళ్ళీ రికార్డు చేసి, రెంటినీ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే అది నిజమైన చదువయ్యేది. ఒక్క ఏడాది. ఆ ఓపిక నాకు లేకపోయింది. తోటివాళ్ళందరికీ డిగ్రీలు వచ్చేస్తున్నాయని కుళ్ళు. అంతకు మించి పెద్ద కారణమేమీ లేదు.

డాక్టరేటు వచ్చాక మావ ఆనందం పట్టలేక సారుని భోజనానికి పిలిచాడు. ఊళ్ళో పదిమందినీ పిలిచాడు. పీతల కూర, చేపల పులుసు. తింటూ తింటూ సారు ఫోనులో ఆ పిలుపు వినిపించి, "మీ ఊరి కప్ప మామూలుది కాదండీ," అన్నారు. మావ వడ్డిస్తున్నవాడు గట్టిగా నవ్వాడు.

"ఓలమ్మా! అది కప్ప కాదు బాబూ, నానే! సిప్పెట్టి దువ్వెనతోటి గీసినాను. కావాలంటే మా గుంటనడగండి."

అందరూ నావైపు తిరిగారు. సారు చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఏమనాలి? ఒక్క 'అవును' చాలు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"మావకి ఎకసెక్కాలెక్కువ సార్. పట్టించుకోకండి."

"ఎకసెక్కమేటే?" అని మావ జేబులో చెయ్యి పెట్టాడు. దువ్వెన తీస్తే నా బతుకు అక్కడితో సరి. "ఇంక చాల్లే మావా, పెద్దవాళ్ళ ముందు," అని కసిరాను. మావ ఆగిపోయాడు. నన్ను చూశాడు. ఆయనకి అర్థమైంది. జేబులోంచి చెయ్యి ఖాళీగానే బయటికి తీశాడు.

"అవున్లెండి బాబూ. తమాసాకన్నాను. కప్పల సంగతి నాకేటి తెలుత్తాది," అని, సారుకి ఇంకో గరిటె కూర వేశాడు.

అంతకుముందు ఊళ్ళో గట్టు తగవొస్తే మావ మాట అడిగేవారు. ఆయన ఇదీ అంటే ఇక ఎదురు లేదు. ఆ భోజనం తర్వాత ఆయన ఏం చెప్పినా ఎవడో ఒకడు, "ఇది కూడా కప్ప మాటేనేటి మావా?" అనడం మొదలెట్టాడు. మావ నవ్వి ఊరుకునేవాడు. కొన్నాళ్ళకి తగవులకి పిలవడం మానేశారు. మడిగట్టు మీద కప్పల్ని పలకరించడం ఆయనే మానేశాడు. నన్ను మాత్రం ఒక్కనాడూ పల్లెత్తు మాటనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత ఆయనకి కిడ్నీలు చెడ్డాయి. మావైపు ఇంటింటా వినే జబ్బే. పలాసలో డయాలసిస్‌కి నేనే తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు మంచం పక్కన కూర్చుని, "మావా, ఆ రోజు భోజనాల దగ్గర నేను..." అని మొదలుపెట్టాను. ఆయన కళ్ళు తెరిచి, "గుక్కెడు మజ్జిగున్నాదేటే?" అన్నాడు. ఆ మాట మార్చడమే క్షమించడమని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కాదు. నీళ్ళు కూడా కొలిచి ఇస్తున్న రోజులవి. ఆయనకి దాహమేసింది, అంతే. నేను రెండోసారి మొదలుపెట్టలేదు. నిరుడు పోయాడు.

కర్మకాండలయ్యాక థీసిస్ తీసి చూశాను. కృతజ్ఞతల పేజీలో ల్యాబు తుడిచే ఆవిడ పేరుంది, హాస్టలు వంటాయన పేరుంది. మావ పేరు లేదు. వేస్తే ఎందుకని ఎవరైనా అడుగుతారేమోనని భయపడ్డాను. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు.

సరే. ఇప్పుడు చెబుతున్నాను. ఆ పిలుపు కప్పది కాదు, మా మావది. ఆ మధ్యాహ్నం పదిమందిలో అబద్ధమాడింది నేను, ఆయన కాదు. ఇంత రాశాక గుండెకి కాస్త ఊపిరాడుతోంది, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను. కానీ ఆయన పేరు వేస్తే నేనెవరో తెలిసిపోతుంది. అందుకని ఇక్కడ కూడా వేయలేదు.