తెర ముందు నిలబడే పాట

మొన్న మంగళవారం ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది. "నాన్న ఈ పొద్దున పోయారు" అంది ఒకావిడ జర్మన్‌లో. "ఆయన డైరీలో మీ నంబరు పక్కన 'పాట' అని రాసుంది. అందుకే మీకు చెప్తున్నాను."

మీటింగ్‌లోకి తిరిగి వెళ్లలేకపోయాను.

జర్మనీలో మేముండే ఎష్‌బోర్న్ ఊళ్లో మా తెలుగువాళ్లం పండగలకి అద్దెకి తీసుకునే హాలుకి ఆయన హౌస్‌మైస్టర్, అంటే హాలు బాగోగులు చూసే మనిషి. తాళాలు, లైట్లు, తెర, హీటర్లు అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. రిటైరయ్యాక కూడా మా కార్యక్రమాలకి వచ్చేవారు. పిల్లలు ఇక్కడి భాషలో తాతని పిలిచినట్టు ఓపా అంటూ ఆయన చుట్టూ తిరిగేవాళ్లు. పులిహోర ఇష్టంగా తిని, మిరపకాయ మాత్రం పక్కన పెట్టి, "దీనికి నేనింకా సిద్ధంగా లేను" అనేవారు.

నాకు ఆయన దగ్గరైంది ఓ ఉగాదికి. ప్రోగ్రాం లిస్టులో నా పేరు లేదు. "సెట్టింగ్ మార్చేటప్పుడు గ్యాప్ వస్తది కదక్కా, నువ్వు రెండు పాటలు పాడెయ్" అన్నాడు నిర్వాహకుడు. చిన్నప్పట్నుంచి సంగీతం నేర్చుకున్నదాన్ని. గ్యాప్ నింపడానికా నేను పనికొచ్చింది అని వెనక మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆయన నీళ్ల సీసా ఇచ్చి పక్కన కూర్చున్నారు. సంగతి విని, "మా నానమ్మ పనీ అదే" అన్నారు.

ఆవిడ పాతకాలం వెరైటీ థియేటర్‌లో పాడేదట. ఒకే టికెట్టు మీద గారడీ, కుక్కల ఆటలు, ఉయ్యాల మీద విన్యాసాలు. జనం బల్లల దగ్గర తింటూ తాగుతూ చూసేవాళ్లు. ఒక ఆట అయ్యాక ఇంకో ఆటకి తాళ్లూ నిచ్చెనలూ బిగించేలోగా తెర దించి, ఆవిడని ముందు నిలబెట్టేవాళ్లు.

"పోస్టర్‌లో అందరికంటే చిన్న అక్షరాలు ఆవిడ పేరుకే. కానీ గారడీవాడికి జ్వరమొస్తే ఆట ఆగేది కాదు. నానమ్మ గొంతు పోతే మాత్రం ఓనరు మా ఇంటికి పరిగెత్తుకొచ్చేవాడు. పాట లేకపోతే జనం లేచి వెళ్లిపోతారు."

"వాళ్లు వినకపోతే?" అన్నాను.

"వినరు. పల్లవి వాళ్లకే ఇచ్చెయ్యండి. తాము పాడేదైతే ఎవరైనా వింటారు."

వెళ్లి పాడాను. రెండో పాట మధ్యలో తెర వెనక అట్ట గోపురం పెద్ద చప్పుడుతో కూలింది. లోపల ఎవరో పిల్ల ఏడుపు. జనం లేచి తొంగిచూస్తున్నారు. నా గొంతు తడబడింది. తెర పక్క సందులోంచి చూస్తే, ఆయన ఒక చేత్తో పిల్లని ఎత్తుకుని, ముందుకు నడవమని గడ్డంతో సైగ చేశారు. పిల్లకేమీ కాలేదు. నేను ఒక అడుగు ముందుకేసి, పల్లవి ఎత్తుకుని, జనం వైపు చెయ్యి చాపాను. మొదటి వరసలో ఓ బామ్మగారు అందుకున్నారు. తర్వాత హాలంతా అందుకుంది. తెర లేచాక నేను పక్కకి తప్పుకోవడం ఎవరూ గమనించలేదు. నాకు బాధ అనిపించలేదు.

ఆ మరుసటేడు నుంచి గ్యాప్ నాకే కావాలని అడిగి తీసుకున్నాను.

పోయిన నెల కేర్ హోమ్‌లో ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. మాట దాదాపు పడిపోయింది. పాడమన్నట్టు దుప్పటి మీద చెయ్యి కొద్దిగా కదిపారు. మా అమ్మ పాడే జోలపాట మెల్లగా పాడాను. కళ్లు మూసుకున్నారు. కాఫీ తెచ్చిన నర్సు గుమ్మంలోనే ఆగిపోయింది. పాట అయిపోయాక కూడా ఆమె లోపలికి రాలేదు, నేనూ లేవలేదు. ఆమె చేతిలో ట్రే మీద కప్పులోంచి ఆవిరి సన్నగా పైకి లేస్తూ ఉంది.