ఐదు ఊదినవి, ఒకటి నొక్కినది

పాత న్యూస్‌పేపరు విప్పి చల్లటి గాజు గ్లాసు చేతిలోకి తీసుకోగానే నా వేళ్ళు నన్నడగకుండానే ఒకటి లోపలి నుంచి, ఒకటి బయటి నుంచి గాజును తడుముతాయి. ఆ అలవాటు రత్నం పిన్నిగారిది. రాజోలులో మా పక్కిల్లు. కువైట్‌లో ఒక స్వీడన్ కుటుంబానికి పద్దెనిమిదేళ్ళు వండిపెట్టారు. వాళ్ళు స్వదేశానికి వెళ్ళిపోతూ ఇచ్చిన ఆరు పాత గ్లాసులను ఆవిడ బీరువాలో దాచలేదు. ఎవరొచ్చినా వాటిలోనే మజ్జిగ పోసేవారు. ఒకరోజు నా చేయి పట్టుకుని చూపించారు.

"బయట ఎత్తుగా ఉన్నచోట లోపల గుంట తగుల్తోందామ్మా?"

"ఆయ్, తగుల్తోందండి."

"అయితే అచ్చులో పెట్టి నోటితో ఊదేరు. లోపలంతా నున్నగా ఉంటే మిషను మీద నొక్కేరన్నమాట. కువైట్‌లో మేడం చెప్పేరు, నేను కడిగి నేర్చుకున్నాను."

అప్పట్లో నేను అమలాపురంలో పాత వస్తువుల షాపులో పనిచేసేదాన్ని. గాలివానకు పిన్నిగారి వంటింటి రేకులు లేచిపోయాయి. కొత్తవి వేయించుకోవడానికి గ్లాసులు అమ్ముతానంటే మా ఓనరును నేనే తీసుకొచ్చాను. ఆయన వాటిని ఎండకు పెట్టి చూశారు.

"ఆరూ నోటితో ఊదినవేనని అందాం రత్నంగారూ. హైదరాబాదు పార్టీకి సెట్టు కావాలండి. విడిగా అయితే నాకొద్దు."

ఎదుటివాళ్ళ మాట కాదనలేక ఆయ్ అనేయడం మా వైపు మర్యాద. పిన్నిగారు అనలేదు.

"ఆరోది నొక్కిందండి. వేలెట్టి చూడండి."

"వంట చేసుకునేవారికి ఇవన్నీ ఎందుకండి?"

"పద్దెనిమిదేళ్ళు కడిగేనండి. తవరెన్ని కడిగేరు?"

ఆయన మొహం మాడిపోయింది. నా వైపు తిరిగి, "నువ్వు రాయమ్మా. ఊదినవి, ఆరు" అన్నారు. కొన్న వస్తువుల వివరం రాసే చీటీ నా చేతిలో ఉంది. ఉద్యోగం పోతుందని భయమేసింది. భయాన్ని మించి కోపమొచ్చింది; ఆవిడ వేళ్ళకు తెలిసిన నిజాన్ని ఆవిడ ఎదుటే నాచేత కొట్టివేయిస్తున్నారు. "ఐదు ఊదినవి, ఒకటి నొక్కినది" అని రాసి, సంతకం పెట్టి ఆయన చేతికిచ్చాను. ఆయన చీటీ అక్కడే పడేసి, గ్లాసులు కొనకుండానే, మర్నాటి నుంచి పనిలోకి రావద్దని చెప్పి కారెక్కారు.

ఆ వానాకాలమంతా పిన్నిగారు టార్పాలిన్ కిందే వండుకున్నారు. నన్ను ఒక్క మాట అనలేదు.

ఇప్పుడావిడ లేరు. అమలాపురంలో నాకో చిన్న షాపుంది. నొక్కిన గ్లాసును నొక్కినదనే అమ్ముతాను, అదేమీ తక్కువ వస్తువు కాదని కూడా చెబుతాను. ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, ఒక వంటమనిషి దగ్గరని గొంతు తగ్గించకుండా చెబుతాను. మొహం చిట్లించేవాళ్ళుంటారు. అలాంటివాళ్ళను గ్లాసు కింద పెట్టి వెళ్ళమంటాను.