మా బావ మునిగే పని

మా బావకి జీతం రేవులో ఓడల తాళ్ళు కట్టినందుకు. పేరొచ్చింది మాత్రం మునిగినందుకు. చుట్టుపక్కల దేశాల నౌకాదళాలు ఏటా మా రేవుకొచ్చి, సముద్రంలో ప్రమాదం జరిగితే ఒకరినొకరు ఎలా ఆదుకోవాలో కలిసి సాధన చేస్తాయి. అందులో నీళ్ళలో పడ్డవాడి వేషం బావది. ఉత్తుత్తి కేకలే అయినా వింటే కడుపు తరుక్కుపోయేది. ఊళ్ళో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు, అందరికీ మునకాయనే.

“ఇన్నేళ్ళుగా మునుగుతున్నావు, విసుగు రాదా బావా?” అని నేనంటే, “మీ అక్కని చేసుకున్నరోజే మునిగానురా, ఇంక కొత్తగా మునిగేదేముంది?” అనేవాడు. అక్క గరిటె చూపించేది.

ఆయన్ని నీళ్ళలోంచి తీసేది ప్రతిసారీ ఒకరే. పక్కదేశపు ఓడలో ఈతగాడు, తాటిచెట్టంత పొడుగు. ఆ దేశపు ఆకుపచ్చ చారల చొక్కాలో వచ్చేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. పొడుగాయన దగ్గరికి రాగానే బావ కన్నుగీటేవాడు, ఆయన నవ్వాపుకుంటూ చంకల్లో చేతులేసి లాగేవాడు. తర్వాత ఇద్దరూ గట్టుమీద కూర్చుని సైగలతోనే గంటలకొద్దీ కబుర్లాడుకునేవాళ్ళు. పొడుగాయన ఇచ్చిన చారల టోపీ మా అక్కావాళ్ళింట్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది.

పోయినేడు ఆ దేశానికీ మాకూ సముద్రపు సరిహద్దు దగ్గర పేచీ వచ్చింది. రెండు దేశాల మంత్రులూ పక్కపక్కన కూర్చుని సాధన చూస్తే వేడి కాస్త తగ్గుతుందని పెద్దల ఆలోచన. అంతమంది గొప్పవాళ్ళ ముందు బావకి హుషారెక్కింది. మునగకుండా చొక్కా లోపల వేసుకునే గాలికోటు వల్ల తల మరీ పైకి తేలుతోందని, ఎవరికీ చెప్పకుండా విప్పేశాడు. ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నానని అనుకోలేదు.

దూకాడు. కాసేపు చేతులూపుతూ అరిచాడు. అంతలో అరుపు ఆగిపోయింది. నేనూ అక్కా ముందువరసలోనే ఉన్నాం.

“ఏరా, మీ బావ అరవట్లేదేంటి?”

“మంత్రులున్నారు కదక్కా, మర్యాదగా మునుగుతున్నాడు.”

అక్క పకపకా నవ్వింది. “ఎంత సహజంగా ఉందో గమనించండి” అని మైకులో అధికారి అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అక్కా కొట్టింది. ముందు హెలికాప్టర్ రావాలి, తర్వాత జెండా ఊపాలి, అప్పుడు ఈతగాడు దూకాలి. అదీ కార్యక్రమం. హెలికాప్టర్ జాడే లేదు, పొడుగాయన పడవలోంచి దూకేశాడు. మా అధికారి ఈల మీద ఈల వేశాడు. “చూశారా, వీళ్ళకి ఎక్కడా కట్టుబాటు లేదు” అని మా వెనక ఎవరో గొణిగారు.

పొడుగాయన బావని పడవలోకి లాగి, గుండెలమీద రెండు చేతులూ పెట్టి అదమడం మొదలెట్టాడు. అది కార్యక్రమంలో లేదు. బావ మొహం నీలంగా ఉంది. వెనక వరసల్లో చప్పట్లు ఇంకా వినిపిస్తూనే ఉన్నాయి. అక్క చేతులు మాత్రం ఒకదానికొకటి అతుక్కుపోయినట్టు ఆగిపోయాయి. కళ్ళముందు మనిషి పోతుంటే జోకులేసుకుని నవ్వామే అన్న దిగ్భ్రమ నన్నింకా వదల్లేదు. నాన్నా పులి కథలో కుర్రాడు అరిచి చెడ్డాడు. మా బావ అరవక చెడబోయాడు.

నీళ్ళు కక్కుకుని, ఊపిరి కుదుటపడ్డాక బావ చెప్పాడు. “పిక్క పట్టేసిందిరా. అరుద్దామంటే నోట్లోకి నీళ్ళే. నేను నోరు మూశానంటే ఏదో అయిందని వాడొక్కడికే తట్టింది.”

అప్పట్నుంచి బావకి నీళ్ళంటే వణుకు. గట్టు అంచుకి వెళ్ళడు, తాళ్ళు దూరం నుంచే అందుకుంటాడు. స్నానాల గదిలో తలమీంచి చెంబుడు నీళ్ళు పోసుకోవడానికి కూడా జంకుతాడు.

ఈ ఏడు మళ్ళీ సాధన రోజులొచ్చాయి. మైకులో మాట్లాడిన ఆ అధికారే ఇంటికొచ్చాడు. అక్క టీ చేతికిస్తూనే, “ఈయనింక మునగరండీ” అని తేల్చి చెప్పేసింది.

“మునగక్కర్లేదమ్మా. పేచీ ముదిరింది కదా, ఈసారి పక్కదేశంవాళ్ళని పిలవలేదు. ఈయన శత్రువు పడవలో కూర్చుని, మన పడవని గుద్దబోతున్నట్టు నటిస్తే చాలు. ఒంటికి తడి కూడా తగలదు.”

అక్క మొహం విప్పారింది. అధికారి సంచిలోంచి ఒక చొక్కా తీసి బల్లమీద పరిచాడు. ఆకుపచ్చ చారలు. నేను మేకుకున్న టోపీ వైపు చూశాను, అక్క నా వైపు చూసింది.

“పైనుంచి వచ్చిన మాట. కాదంటే రేవులో మీ పనికి కూడా ఇబ్బందే” అని అధికారి నసిగాడు.

బావ ఆ చొక్కాని తడిమాడు. నెమ్మదిగా మడతపెట్టాడు.

“మళ్ళీ ముంచండి సార్, మునుగుతాను. ఇది మాత్రం వేసుకోను” అన్నాడు.