మంచు ఎనిమిదికల్లా పోతుంది

ఆ రోజుల్లో నేను ఎవరినైనా ఒక ప్రశ్న అడిగానంటే, దాని జవాబు ముందే నా చొక్కా జేబులో మడతపెట్టి ఉండేది. (ఆ రోజుల్లో అన్నానని నన్ను మరీ పండుముసలిని చేసేయకండి. పన్నెండేళ్ల కిందటి మాట. ఈ పన్నెండేళ్లలో జవాబులు చాలావరకు చిరిగిపోయాయి, ప్రశ్నలు మాత్రం ఇస్త్రీ నలగకుండా ఉన్నాయి.) బి.ఎడ్. ముగించి, చోడవరంలో ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరాను. కాలేజీ వక్తృత్వ పోటీల్లో శకునాల్నీ, దిష్టినీ, తాయెత్తుల్నీ చీల్చి చెండాడి వచ్చినవాణ్ణి. మూఢనమ్మకం వాసన తగిలితే చాలు, నా గొంతు దానంతటదే రెండు మెట్లు పైకెక్కేది. ప్రతిదానికీ "ఎందుకు?" అని నిలదీసే అలవాటు చూసి, పిల్లలు వారం తిరక్కుండానే నాకు "ఎందుకు సారు" అని పేరు పెట్టారు. నేనది బిరుదనుకున్నాను.

నవంబరు నెలలో, చెరకు బళ్లూ ట్రాక్టర్లూ రోడ్డంతా ఆక్రమించి మా బస్సుల్ని ఆలస్యం చేసే రోజుల్లో, ఎనిమిదో తరగతిలోకి ఒక అమ్మాయి కొత్తగా వచ్చి చేరింది. బుచ్చయ్యపేట వైపు ఒక ఊళ్లో నాయనమ్మ ఇంట్లో ఉంటోంది. తల్లి పచ్చి బాలింత. అమ్మాయి మాటల్లో హిందీ ఎక్కువ, తెలుగు తక్కువ. తెలుగు రాస్తే అక్షరాల కింద వత్తులుండవు. అన్నం "అనం" అయ్యేది, పుస్తకం "పుసకం" అయ్యేది. విద్యార్థుల వివరాలు కంప్యూటర్లో ఎక్కించే పని నాకు అప్పగించారు గనక, క్లాసులోనే నిలబెట్టి అడిగాను.

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?"

"పాపా ఫీల్డ్‌లో ఉన్నారు సర్."

క్లాసు గొల్లుమంది. చోడవరంలో పాప అంటే ఉయ్యాల్లో ఉండేదే. "పాపని పొలంలో ఒగ్గీసి వచ్చీసేవేటే?" అన్నాడు వెనక బెంచీ నుంచి ఒకడు. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. "నాన్న" అని దిద్దుకుంది. ఆ రోజు నుంచి బళ్లో దాని పేరు "పాప" అయిపోయింది. నేను బల్ల మీద డస్టర్ కొట్టి అందరినీ ఊరుకోబెట్టాను. (కొట్టే ముందు నేనూ నవ్వాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.) పాపా అంటే నాన్నేనని గ్రహించేంత హిందీ నాకు వచ్చు. ఇక "ఫీల్డ్" అంటారా, అది మా ప్రాంతంలో ఎవరికి తెలియదు? చక్కెర ఫ్యాక్టరీ ఫీల్డ్‌మ్యాన్. మోటారుసైకిల్ మీద తోటలు తిరిగి, ఎవరి చెరకు ఎప్పుడు నరకాలో చెప్పే మనిషి. జవాబు జేబులోంచి తీసి రాసేసుకున్నాను.

"ఏ ఊరి ఫీల్డమ్మా?"

"అది చెప్పకూడదు సర్."

చెప్పకూడదు! నాకు కావలసిన మాట దొరికింది. పీరియడ్ అయ్యేదాకా ఉపన్యసించాను. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని వణికిన ముత్తవ్వల నుంచి మొదలుపెట్టి, ఊరి పేరు చెబితే ఊరు పారిపోతుందా అని గర్జించి, మనిషికీ గొర్రెకీ తేడా ప్రశ్నలోనే ఉందని ముగించాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆ పిల్ల ఓపిగ్గా అంతా విని, "అయినా చెప్పకూడదు సర్" అంది.

"ఎవరన్నారు?"

"పైవాళ్లు."

ఒక్క పైవాడితోనే వేగలేక నేను చస్తుంటే, ఈ పిల్ల బహువచనం వాడింది. ఈ ఇంటిని బాగుచేయడం నా జీవితకర్తవ్యమని ఆ క్షణంలోనే నిశ్చయించుకున్నాను.

డిసెంబరులో తల్లిదండ్రుల సమావేశానికి నాయనమ్మ వచ్చింది. కొడుకు రాలేదేమని అడిగితే, "మా వోడు పైనున్నాడు బాబూ. కిందకి దిగితే గానీ రాలేడు" అంది. నేను తికమకపడ్డాను. పైన అంటే మన వాడుకలో ఒకటే అర్థం. కానీ పోయినవాళ్లు కిందకి దిగరే! ఆవిడ ముఖం చూస్తే నిశ్చింతగా ఉంది. అంతలో "పీసొస్తే మళ్లీ అందరం కలిసి ఎలిపోతాం" అని కూడా అంది. ఏ పీసు? రోడ్డు పక్కన స్థలం ముక్కేదైనా బేరమాడుతున్నారా? చెరకు ఫీల్డ్‌మ్యాను, ఊరి పేరు నిషిద్ధం, పైవాళ్ల ఆజ్ఞ, పైన నివాసం, పీసు కోసం ఎదురుచూపు. ఇవన్నీ కలిపితే ఏదో మంత్రగాడు పెట్టించిన దీక్ష తప్ప మరొకటి నాకు తోచలేదు. (పక్కనున్న ఎవర్నడిగినా అర నిమిషంలో చెప్పేవారు. కానీ నేను ప్రశ్న అడిగేది జవాబు కోసం కాదు గదా, ఉపన్యాసం కోసం.) ఆవిడ లేస్తూ, "మా గుంటకి వత్తులు రావు బాబూ. కాస్త సూడండి" అంది. మూఢనమ్మకాల నిర్మూలనలో మునిగివున్న నాకు వత్తులు ఒక సమస్యగా కనిపించలేదు.

ఇదిలా ఉండగా మరో వింత. ప్రతి బుధవారం మూడో పీరియడ్‌లో, సరిగ్గా పదకొండున్నరకు, ఆ పిల్ల లేచి "వెళ్లనా సర్?" అనేది. సరేననేవాణ్ణి. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి, ముఖం వేలాడేసుకుని కూర్చునేది. మూడు బుధవారాలు ఇదే తంతు. వారం, వేళ, వరస! దీక్షే, సందేహం లేదు. నాలుగో బుధవారం వెనకాలే వెళ్లాను.

మెట్ల కింద గంట తాత గది. గంట తాత అంటే మా బళ్లో గంట కొట్టే ముసలాయన. ఆ గదిలో స్టూలు మీద ఒక బటన్ల ఫోను, దాని ముందు చేతులు కట్టుకుని ఆ పిల్ల, పక్కన తాత. ఇద్దరూ దేవుణ్ణి చూస్తున్నట్టు ఆ ఫోన్నే చూస్తున్నారు. బళ్లో పిల్లలకు ఫోను నిషేధం. నేను గుమ్మంలో అడుగుపెట్టడమూ, అది మోగడమూ ఒక్కసారే జరిగాయి. ఆ పిల్ల చెయ్యి చాచింది. నా చెయ్యి పొడుగు.

"హలో! నాన్నా?" అంది అది నా పక్కనుంచి.

"నేనండీ, క్లాస్ టీచర్ని!" అన్నాను ఫోన్లో. "తోటల చుట్టూ తిరగడానికి తీరిక ఉంటుంది గానీ, కన్నకూతురి బడికి రావడానికి ఒక్క పూట దొరకదా మీకు?"

అవతల గరగరమని శబ్దం. "సార్... నమస్తే సార్... ఇక్కడ మంచండి బాబూ. దారి మూసీసేరు. కిందకి దిగలేకపోతన్నాం..."

"మంచా! మాకు లేదా మంచు? చోడవరంలో పడ్డ మంచు మీ తోటల్లోనే ఆగిపోతుందా? ఎనిమిదికల్లా పోతుందండీ మంచు! టిఫిన్ తిని బయల్దేరినా పదికి ఇక్కడుండొచ్చు!"

"సార్, పిల్లకి ఓపాలి ఇస్తారా..."

"ఇస్తాను, ముందు నేను చెప్పేది వినండి" అని, విద్యార్థి జీవితంలో తండ్రి పాత్ర అన్న అంశం ఎత్తుకున్నాను. పోటీల్లో నాకు బహుమతి తెచ్చిన అంశం. రెండో వాక్యం చివర్లో ఉండగా ఫోను మూగబోయింది. విజయగర్వంతో పిల్లవైపు తిరిగాను. అది ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"రెండు నిమిషాలే ఇస్తారు సర్. అయిపోయాయి" అంది. క్లాసుకి వెళ్లిపోయింది.

గంట తాత రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. "ఎంత పని సేసేవు బాబూ! ఆయన మిల్ట్రీవోడు. ఆ మంచుకొండల మీద కాపలా. నెల్లాళ్లయింది గుంట ఆ గొంతు ఇని. ఏటనుకున్నావు నువ్వు?"

మూగబోయిన ఫోన్ని స్టూలు మీద పెట్టేశాను. (మంచు అనే ఒక్క మాటలో పొగమంచునీ హిమపాతాన్నీ కలిపేసిన మన పూర్వీకుల మీద కాసేపు కోపం తెచ్చుకుని చూశాను. సాయపడలేదు.)

హెడ్‌మిస్ట్రెస్‌ని మేమందరం పెద్ద మేడం అనేవాళ్లం. ఆవిడ గదిలో నిలబడ్డాను. ఫీల్డ్ అంటే సైన్యంలో కుటుంబాన్ని తీసుకెళ్లడానికి వీల్లేని సరిహద్దు చోటు, పీస్ అంటే పెళ్లాం పిల్లల్తో ఉండగలిగే ఊరు, పైవాళ్లు అంటే ఆఫీసర్లు, చెప్పకూడనిది చెప్పకూడనిదే అని విడమరిచి చెప్పారు. "బుధవారం ఆ వేళకే వాళ్లకి లైను దొరుకుతుందట. ఆ ఫోనుకి నేనే అనుమతిచ్చాను. స్టాఫ్ మీటింగ్‌లో చెప్పాను గదా?" అన్నారు. చెప్పే ఉంటారు. సైన్స్ ల్యాబును కొబ్బరికాయ కొట్టి ప్రారంభించడం సమంజసమా అన్న విషయమై నేను డ్రాయింగు మాస్టారితో వాదిస్తున్న మీటింగ్ అదే అయ్యుంటుంది.

పశ్చాత్తాపంలోనూ నాకు ఉపన్యాసమే తోచింది. రిపబ్లిక్ డే నాడు ఆ పిల్లని వేదిక ఎక్కించి, "వీరసైనికుని పుత్రిక" అని పరిచయం చేసి, బళ్లో అందరిచేతా సెల్యూట్ చేయించాలని ప్రణాళిక వేసి, గొప్పగా దానికే చెప్పాను. అది భయంగా చూసింది. "వద్దు సర్. నాకు వత్తులు నేర్పండి" అంది.

పెద్ద మేడం కూడా అదే అన్నారు. "ఆ పిల్లకి ఇది నాలుగో బడి. ప్రతి చోటా సగం సగం పాఠాలు. ఒక బళ్లో భిన్నాలు చెప్పకముందే వచ్చేసింది, ఇంకో బళ్లో చెప్పేశాక చేరింది. సెల్యూట్ సంగతి తర్వాత, ముందు సిలబస్ చూడండి." సైనికుల పేరు చెప్పి వేదికలెక్కి గొంతు చించుకునేవాళ్లని ఈనాటికీ చూస్తుంటాను. ఆ సైనికుల పిల్లలకి ఏ పాఠం ఎక్కడ తెగిపోయిందో ఒక్కడైనా అడిగాడా అనిపిస్తుంది. అనిపించగానే నా మొదటి ప్రణాళిక గుర్తొచ్చి, గొంతు రెండు మెట్లు దిగుతుంది.

అప్పట్నుంచి మధ్యాహ్నం అన్నాల వేళ ఆ పిల్లకి నేను వత్తులు, లెక్కల మాస్టారు భిన్నాలు. "పాప" అని వెక్కిరించిన వెనక బెంచీవాడు తనంతట తనే వచ్చి, నా ఎదుటే తెలుగు నోట్సు దానికిచ్చాడు. అందులో వత్తులు ఎక్కువే ఉన్నాయి, అవసరం లేనిచోట కూడా.

కానీ ఫోను రాలేదు. ఒక బుధవారం, రెండు బుధవారాలు. ఆ పిల్ల వెళ్లడం, తిరిగి రావడం. నా పాఠం ఎక్కడుందో నాకే తెలిసేది కాదు. ఆ గొంతు చివరిసారి విన్నవాణ్ణి నేను. విన్నానా అసలు? "మొక్కుకోండి సారూ, వొచ్చీస్తాది" అన్నాడు గంట తాత. నేను మొక్కను. అయితే మూడో బుధవారం ఆ గదిలోకి వెళ్తూ గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగిన మాట నిజం. కుడికాలు ముందు పెట్టానా? ఈ విషయంలో నేటికీ నాకు స్పష్టత లేదు.

మోగింది. నేను చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఆ పిల్ల "నాన్నా" అంది, చెల్లెలు బోర్లా పడుతోందంది, అమ్మ బాగుందంది. పీరియడ్ ముగిసే వేళ దాటిపోతోంది. తాత చేతిలో ఇనపకడ్డీ ఉంది, ఎదురుగా రైలుపట్టా ముక్క వేలాడుతోంది, కొట్టడే! నేను సైగ చేస్తే, "ఇది మోగితే దానికి ఇనపడదు బాబూ. ఓ నిముసం ఆగితే సదువులేటి మునిగిపోవు" అని గుసగుసలాడాడు. అంతలో ఆ పిల్ల తన రెండు నిమిషాల్లోంచి కొంత తుంచి, ఫోను నాకు చాచింది. "మిమ్మల్ని అడుగుతున్నారు సర్."

రెండు చేతులతో అందుకున్నాను.

"సారూ, మీ ఊళ్లో మంచు ఎనిమిదికి పోయిందేటండి?"

వెనక నలుగురైదుగురు నవ్వుతున్నారు. "మీరు పెట్టిన సివాట్లు మావోళ్లందరికీ సెప్పేను సార్. ఇక్కడ పొద్దున్న లేస్తే అదే మాట, ఎనిమిదైంది, టిపిన్ తినేసి బయల్దేరదామా అని. గుంటకి వత్తులు సెప్తన్నారంట గదా..." గరగర. మూగబోయింది. జేబు తడుముకున్నాను. ఒక్క జవాబూ లేదు.

తాత గంట కొట్టాడు. క్లాసుకి వెళ్తే వెనక బెంచీవాడు లేచాడు. "ఎందుకు సార్ గంట లేటయ్యింది?"

"చెప్పకూడదు" అన్నాను.

"ఎవరన్నారు సార్?"

"పైవాళ్లు."

మొదటి బెంచీలో ఆ పిల్ల తల వంచుకుని నవ్వింది. ఆ ఏడాదంతా బుధవారం మూడో పీరియడ్ కొన్ని నిమిషాలు పొడుగ్గా సాగేది. కారణం ఎవరూ కనిపెట్టలేదు.

జూన్‌లో పీస్ వచ్చింది. టి.సి. నేనే రాశాను. బడి మానుటకు కారణం అన్నచోట ఆంగ్లపదం ఎందుకని, చక్కని తెలుగులో "తండ్రికి శాంతి లభించినందున" అని రాశాను. పెద్ద మేడం అది చదివి కళ్లజోడు తీసి, "బతికున్న మనిషిని మళ్లీ పైకి పంపారా?" అని చించేసి ఇంకోటి రాయించారు. వెళ్లేముందు ఆ పిల్ల ఒక కాగితం ఇచ్చింది. "సర్, చెప్పకూడదు అన్నప్పుడు కొట్టనందుకు ధన్యవాదాలు." వత్తులన్నీ ఉన్నాయి. మూడుసార్లు లెక్కపెట్టాను.

ఇప్పటికీ చలికాలం పొద్దున్న బస్సులో చోడవరం వస్తుంటే, చెరకు తోటల మీద మంచు తెల్లగా పరుచుకుని ఉంటుంది. నా చూపు గడియారం మీదికి పోతుంది. కొన్ని రోజులు ఎనిమిది దాటుతుంది, ఎనిమిదిన్నర దాటుతుంది, అయినా పోదు. అప్పుడు ఆ మంచులోంచి ఒక కుర్ర సారు చెయ్యి పొడుగ్గా చాచి ఎవరి ఫోనో లాక్కుంటూ కనిపిస్తాడు. వాడి చేతిలోంచి ఫోను తీసి ఆ పిల్లకి ఇచ్చెయ్యాలనిపిస్తుంది. కానీ వాడు వినడు, ఇంకా రెండో వాక్యంలోనే ఉన్నాడు.