మిషనక్క, పదో పేరు

మిషనక్క అంటే ఆ వీధిలో తెలియనివాళ్లు లేరు. ముప్పై ఏళ్లు కుట్టుమిషన్లు బాగుచేసింది. మోకాళ్లు మొరాయించాక కంప్యూటర్ ముందు కూర్చుని చుట్టుపక్కల షాపుల వెబ్‌సైట్లు చూసుకుంటోంది. తీరు మాత్రం పాతదే. ఏది పాడైనా ముందు అడిగేది ఒక్కటే: "ఇందులో ఎవరు వేలు పెట్టారు?" ఆ ప్రశ్నకి షాపులవాళ్లు హడలిపోతారు.

ఆ శనివారం పొద్దున్నే చెల్లెలు ఊడిపడింది. ఆవిడ ఈత నేర్పుతుంది, అదీ యాభై దాటాక కూడా నీళ్లంటే వణికేవాళ్లకి. మధ్యాహ్నం పన్నెండులోగా పది పేర్లు ఇవ్వకపోతే ఆవిడ క్లాసు జరిగే పొద్దుటి గంట ఇంకొకరికి ఇచ్చేస్తానని ఈతకొలను మేనేజరు తేల్చి చెప్పాడట. కొత్త బ్యాచ్‌కి అక్క చేసిపెట్టిన వెబ్‌సైట్‌లో ఫారం తెరిచి తొమ్మిది రోజులైంది. ఒక్క పేరూ రాలేదు.

"నా దగ్గరికి ఎవరొస్తారక్కా! ఇంక మానేస్తాను," అని కళ్లనీళ్లు పెట్టుకుంది.

"నోర్ముయ్. ఏడవడానికి పన్నెండు దాకా టైముంది. ముందు కాఫీ తాగు."

కాఫీ మిషనక్క మొగుడు తెచ్చాడు. తాళాల షాపాయన, మితభాషి. కప్పులు పెట్టేసి కూడా వెళ్లకుండా గుమ్మంలోనే తచ్చాడుతున్నాడు.

మిషనక్క తన పేరే ఫారంలో నింపి పంపింది. 'ధన్యవాదాలు' అని మెయిల్ వచ్చింది. జాబితా తెరిస్తే ఖాళీ!

"చూశావా పిచ్చిదానా! జనం రాకపోవడం కాదు. వచ్చినవాళ్లని ఇది దాచుకోవట్లేదు."

ఫారాన్ని నడిపేది ప్లగిన్, అంటే వెబ్‌సైట్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. అలాంటివి ఇంకా ఏడున్నాయి. వాటిలో ఏదైనా దీనికి అడ్డుపడుతోందేమోనని ఒక్కోదాన్నీ ఆపడం, ఫారం నింపడం, జాబితా చూడడం.

"అన్నీ ఒకేసారి ఆపెయ్యొచ్చుగా?"

"దారం తెగుతోందని సూదీ బాబినూ ఒకేసారి మారిస్తే, తప్పు దేనిదో నీకెలా తెలుస్తుందే? ఒకటి మార్చాలి, ఒక కుట్టు వేసి చూడాలి."

ఏడూ అయ్యాయి. జాబితా ఖాళీ. గంట పది దాటింది. ఆఖరికి ఫారంలో ఎవరెవరు ఏం మార్చారో చూపించే పేజీ తెరిచింది. తొమ్మిది రోజుల కిందట ఎవరో 'వయసు' అనే ప్రశ్న తీసేశారు. లోపల మాత్రం వయసు లేనిదే పేరు జాబితాలోకి ఎక్కించకూడదన్న నియమం అలాగే ఉండిపోయింది. తీసేసినవాళ్ల పేరు పక్కనే ఉంది.

చెల్లెలు వంగి చదివింది. ఏడుపు మొహం కాస్తా విచ్చుకుంది. "ఇందులో ఎవరు వేలు పెట్టారక్కా?"

మిషనక్క తెర మీది తన పేరు వైపు మళ్లీ చూసింది. "నేనేనే," అంది. "ఆ వయసువాళ్లని వయసడిగితే నొచ్చుకుంటారని..."

నియమం తీసేసి మళ్లీ తన పేరు పంపింది. ఈసారి జాబితాలో పడింది!

"మరి పోయినవాళ్లు?"

"వాళ్లకి ధన్యవాదాల ఉత్తరం వెళ్లే ఉంటుందిగా!"

పంపిన మెయిళ్లు తెరిస్తే, తన పరీక్షలవి పోను ముప్పై ఒకటి. చెల్లెలు గంతేసింది. తీరా చూస్తే, ఫోను రాలేదని ఒక్కొక్కరూ మళ్లీ మళ్లీ నింపారు. ఏరితే తేలింది తొమ్మిది మంది. పదో అడ్రసు నాలుగుసార్లుంది.

"అక్కా, ఇది బావ షాపుది కాదూ?"

ఇద్దరూ గుమ్మం వైపు తిరిగారు. పెళ్లయినప్పటి నుంచీ చీలమండ మునిగేంత నీళ్లలోకి దిగని మనిషి!

"నాలుగుసార్లు రాశానమ్మా," అన్నాడాయన మరదలితో. "ఈ వయసులో పనికిరానని పక్కన పెట్టావేమో అనుకున్నాను."

"నాతో ఒక్క మాట చెప్పొచ్చుగా!" అంది మిషనక్క.

"నువ్వు నవ్వుతావని."

నవ్వింది మరి! కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. పదో పేరు మిషనక్కే టైపు చేసి, పన్నెండుకి పది నిమిషాలుండగా మేనేజరుకి పంపింది.

చెల్లెలు జాబితా సర్దుతూ, "పరీక్షకని పంపిన నీ పేరు తీసెయ్యనా అక్కా?" అంది.

మిషనక్క మొగుడి వైపు చూసింది, తన మోకాళ్ల వైపు చూసుకుంది.

"దాని మీద వేలు పెట్టావంటే ఊరుకోను," అంది.