కొండకు అటూ ఇటూ

ట్యాంకరు డ్రైవరు ఇరవై ఏళ్లుగా ఒకే కొండ ఎక్కి దిగుతున్నాడు. సముద్రం మీంచి వచ్చే మేఘాలు ఆ కొండ ఎక్కుతూ చల్లబడి, ఉన్న వానంతా అవతలి వైపే కుమ్మరించేస్తాయి. ఇవతల అతని ఊరికి మిగిలేది పొడిగాలి. అందుకే రోజూ అటునుంచి నీళ్లు మోసుకొస్తాడు.

అతని అక్క ఉండేది అవతలే. ఆ రోజు ట్యాంకరు నిండేలోగా చూసిపోదామని వెళ్తే, తడి దుప్పట్ల మూట చేతిలో పెట్టింది.

"వారమైనా ఆరట్లేదురా. మీ ఎండలో ఓ పూట వేసి తెచ్చిపెట్టు."

"సరే అక్కా," అంటూ నడుం పట్టుకుని లేచాడు.

"ఆ నడుంతో ఇంకెన్నాళ్లు తిరుగుతావు? మరదల్ని తీసుకుని ఇక్కడికే వచ్చెయ్యకూడదూ?"

"ఓసారి వచ్చి చూశాం కదా. ఈ చెమ్మకి దానికి ఆయాసం పట్టుకుంది. అక్కడైతే రాత్రిళ్లు నిద్రపోతుంది."

అక్క మూట తనే తీసుకుని ట్యాంకరు దాకా వచ్చింది.

కొండ దిగేసరికి వాన లేదు, దుమ్మే. వీధి మొదట్లో బిందెలు బారులు తీరి ఉన్నాయి. భార్య ఎదురొచ్చి మూట అందుకుంది.

"మళ్లీ దుప్పట్లేనా? మీ అక్కకి మన ఎండ బాగా అలవాటైంది," అని నవ్వింది.

అతనూ నవ్వబోయాడు గానీ ఓపిక చాల్లేదు. గొట్టం విప్పి, చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.