బిందెతో తడిపిన సాళ్లు

ఆత్మకూరు దగ్గర మా అక్క యాసంగిలో వేసిన పల్లి చేనే ఆ ఏడు నా ప్రయోగశాల. నీళ్లు తగ్గితే ఆకు కణాల పొరలో ఉండే ఎంజైములు ఏమవుతాయన్నది నా పరిశోధన. కణంలోకి ఏది రావాలో, ఏది బయటికి పోకూడదో అవే చూసుకుంటాయి. నీటి ఎద్దడికి ముందు అవి మందగిస్తాయి. వేళకు తడి అందితే తేరుకుంటాయి. పొరే చెడిపోతే మాత్రం చెట్టు దక్కదు.

అందుకని మూలన ఉన్న కొన్ని సాళ్లకు తడి ఇవ్వొద్దని అక్కకు చెప్పాను. సరేనంది. ఆకులు ఐసు డబ్బాలో పెట్టి తీసుకుపోయి పరీక్షిస్తే, ఆ సాళ్లలోనూ ఎంజైములు భేషుగ్గా పనిచేస్తున్నాయి. తల పట్టుకున్నాను. తీరా చూస్తే అక్క రోజూ బిందెతో నీళ్లు మోసి వాటికి పోస్తోంది.

"ఊడలు మన్నుల దిగి కాయవట్టే చెట్టును ఎండవెడ్తరా చెల్లే? కడుపుతోని ఉన్నదానికి నీళ్లియ్యకుంటే పాపం గాదా?"

నాకు ఒళ్లు మండింది. పరిశోధన అంటే ఆటనుకున్నావా అని అరిచాను. ఆమె నవ్వి నా చేతిలో జొన్నరొట్టె పెట్టింది. అక్కతో పోట్లాడి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

తర్వాత బోరు ఎండిపోయింది. మళ్లీ నేను వెళ్లేసరికి చేనంతా వాలిపోయి ఉంది. మా వైపు పంట దక్కదని తేలితే గొర్లకు వదిలేస్తారు. ఆలస్యమైతే ఆకు రాలిపోయి వాటి నోటికీ అందదు.

"తుపాన్ వట్టిందంట, వానొస్తదంటున్నరు. నీ మిషన్ల జర చూడు. ఆగాల్నా, గొర్లను తోలాల్నా?" అంది అక్క.

ఆకు ముక్కల్ని శుద్ధమైన నీళ్లలో నానబెట్టి, లవణాలు కొలిచే మీటరు ముంచాను. పొర గట్టిగా ఉంటే లవణాలు ఆకులోనే నిలుస్తాయి. ఇక్కడ అన్నీ నీళ్లలోకి కారిపోయాయి. నమ్మబుద్ధి కాక చేను నాలుగు వైపుల నుంచీ ఆకులు తెచ్చి మళ్లీ చూశాను. అంతటా అదే.

"వానొచ్చినా బత్కదా?"

"బతకదక్కా."

నా లెక్క తప్పయితే బాగుండునని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు. అక్క గొర్లాయనకు కబురు పంపి, దారికి అడ్డం వేసిన ముళ్లకంపను తనే పక్కకు లాగింది. గొర్లు చేలో పడ్డాయి. అటే చూస్తూ మెల్లగా అంది.

"నువ్వు చెప్పకపోతే ఇంకొన్నొద్దులు ఆశతోని ఉంటుంటినే."

కోపంతో అన్నా తట్టుకునేదాన్ని. గట్టు మీద కూలబడి ఏడ్చాను.